రెండు లిపుల నడుమ పిల్లల వ్రాత

రాయగడ, కోరాపుట్ జిల్లాలలోని తెలుగు ఇళ్ళలో తల్లిదండ్రుల నోట తరచు వినవచ్చే ఫిర్యాదు ఒకటున్నది. పిల్లవాడి దస్తూరి ముత్యాల వరుసలా ఉంటుంది. నోటుపుస్తకం నిండా మాస్టారి ఎర్ర టిక్కులే కనిపిస్తాయి. పార్వతీపురంలో ఉన్న అమ్మమ్మకు నాలుగు ముక్కలు వ్రాయమంటే మాత్రం కలం కదలదు. ఇంట తెలుగు, బడిలో ఒడియా, వీధిలో దేశియానో కువియో, వీటన్నిటిపైన ఇంగ్లీషు: ఇన్ని భాషల మధ్య పిల్లవాడు తికమకపడ్డాడని ఇంటివారు భావిస్తారు. వాడికి చదువు అబ్బదని తీర్మానించుకునేవారూ లేకపోలేదు.

ఈ తీర్మానం తొందరపాటుతో కూడినది. మాట నేర్చిన క్రమంలోనే వ్రాత కూడా కొన్నేళ్ళ పాటు, మెట్టు మెట్టుగా పెరుగుతుంది. ఒక్కొక్క మెట్టు మీద ఒక్కొక్క రకం తప్పు దొర్లుతుంది. పిల్లవాడు ఏ మెట్టుపై ఉన్నాడో ఆ తప్పును చూచి చెప్పవచ్చును. సరిహద్దు గ్రామాలలో పిల్లల తప్పులు రెండింతలుగా కనబడటానికి కారణం వారు ఏకకాలంలో రెండు లిపులను మోయటమే.

ఈ బరువు ఎలా వచ్చిందో పెద్దలకు తెలిసినదే. జయపురం సంస్థానపు ప్రాంతం ఒకప్పుడు మద్రాసు రాష్ట్రంలోని విశాఖపట్నం జిల్లాలో భాగం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినప్పుడు కోరాపుట్ అటు చేరింది. 1992 అక్టోబరు 2న కోరాపుట్ నుండి రాయగడ వేరు జిల్లా అయినది. పటంలో గీత మారినంత మాత్రాన చుట్టరికాలు మారలేదు. పెళ్ళిళ్ళు, వ్యాపారాలు, ఆసుపత్రులు నేటికీ పార్వతీపురం, సాలూరు, విజయనగరాలతో ముడిపడి ఉన్నాయి. బడి భాష మాత్రం ఒడియా.

అక్షరాలు రాకముందే పిల్లలు వ్రాయటం మొదలుపెడతారు. నాలుగేళ్ళ పాప గోడ మీద బొగ్గుతో నాలుగు వంకర గీతలు గీసి, "ఇది నాన్న ఎక్కిన బస్సు" అంటుంది. గీతకు అర్థం ఉంటుందన్న సంగతి ఆమెకు తెలిసిపోయినది. వ్రాతకు తొలి మెట్టు ఇదే. గోడ పాడయిందని ఒక దెబ్బ వేయటం సులువే గాని, పాత క్యాలెండరు కాగితం వెనుకవైపు చేతికిస్తే గోడా మిగులుతుంది, గీతా మిగులుతుంది.

రెండవ మెట్టు మీద పిల్లవాడు చెవికి వినబడినదానిని వినబడినట్లే అక్షరాలలో పెట్టజూస్తాడు. రెండు లిపుల తకరారు ఇక్కడే ఆరంభమవుతుంది. ఒడియాలో 'ఘర' అని వ్రాసి ఇంచుమించు 'ఘొరొ' అని పలుకుతారు. అక్షరంలో అంతర్లీనంగా ఉండే అచ్చు తెలుగువారి చెవికి 'ఒ'కు దగ్గరగా వినబడుతుంది. ఇంట తెలుగు మాట్లాడే పిల్ల ఆ మాటకు లేని ఓకారపు గుర్తు తగిలిస్తుంది. మన వాడుకలో ఒత్తక్షరాలను అంతగా ఒత్తి పలకము గనుక 'ఘ' బదులు 'గ' వేస్తుంది. ఒడియా వ్రాతలో శ, ష, స మూడూ ఉన్నా పలుకుబడిలో మూడూ 'స' గానే వినబడతాయి. అందుచేత ఆ మూడింటినీ తారుమారు చేయటంలో తెలుగు పిల్లలకు ఒడియా పిల్లలు కూడా తోడుంటారు.

తిరిగి తెలుగు వ్రాయబోతే చిక్కు ఇటునుంచి ఎదురవుతుంది. ఒడియా లిపిలో ఎ, ఏ అనే భేదం లేదు. ఒ, ఓ అనే భేదమూ లేదు. ఇకార ఉకారాలకు దీర్ఘాలు వ్రాతలో ఉన్నా పలుకులో హ్రస్వదీర్ఘాల తేడా కనబడదు. బడిలో ఈ లెక్కకు అలవాటుపడిన పిల్ల తెలుగులో "నేను సంతకు వెళ్ళాను" అనటానికి "నెను సంతకు వెలాను" అని వ్రాస్తుంది. దీర్ఘం పోయింది, ళ-వత్తు పోయింది. ఇంటివారికి ఇది మందబుద్ధిగా తోస్తుంది. నిదానించి చూస్తే, ఒక లిపి నేర్పిన సూత్రాన్ని రెండవ లిపికి వర్తింపజేసే తెలివి అందులో ఉన్నది. ఒడియా క్రియకు లింగభేదం కూడా లేదు. అతడు వచ్చినా ఆమె వచ్చినా క్రియారూపం ఒక్కటే. కనుక ఒడియా ఎక్కువగా మాట్లాడే పిల్లలు తెలుగులో "అక్క వచ్చాడు" అని వ్రాస్తే నవ్వవలసిన పని లేదు. ఇంట్లో తెలుగు వినికిడి తగ్గిందన్న సూచన అందులో ఉంటే ఉండవచ్చును.

ఈ విషయంలో తెలుగు పిల్లలు ఒంటరివారు కారు. కువి భాష తెలుగుకు చుట్టమే, ద్రావిడ కుటుంబానికి చెందినది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో మాతృభాషల ద్వారా ప్రాథమిక విద్య మొదలుపెట్టినప్పుడు ఎంచుకున్న ఎనిమిది భాషలలో కువి ఒకటి; అక్కడ దానిని తెలుగు లిపిలో వ్రాశారు. ఒడిశా 2006–07లో పది గిరిజన భాషలతో అటువంటి కార్యక్రమమే ఆరంభించినది. వాటిలోనూ కువి ఉన్నది. ఇక్కడ దాని లిపి ఒడియా. కొండకు అటూ ఇటూ ఉన్న మేనత్త పిల్లలు, మేనమామ పిల్లలు ఒకే భాషను రెండు లిపులలో నేర్చుకున్నారన్న మాట. గుణుపురం ప్రాంతంలో 1936లో మంగై గొమాంగో సవర భాషకు 'సొరంగ్ సొంపెంగ్' అనే సొంత లిపినే రూపొందించాడు. మాట ఒకటి, లిపి ఒకటి అనే సంగతి ఈ ప్రాంతపు పిల్లలకు పుట్టుకతోనే ఎదురయ్యే అనుభవం.

మూడవ మెట్టు చూచివ్రాత. నిజమైన ప్రమాదం ఉన్నది ఇక్కడ. బల్ల మీద మాస్టారు వ్రాసిన వ్యాసం పుస్తకంలోకి, పుస్తకం నుండి జ్ఞాపకంలోకి, జ్ఞాపకం నుండి పరీక్ష కాగితంలోకి ప్రయాణం చేస్తుంది. "సంత వారమునకొకసారి జరుగును. సంతలో అనేక వస్తువులు లభించును." తప్పు ఒక్కటి లేదు, పిల్లవాడు చూచిన సంత కూడా లేదు. అక్షరం కుదిరేందుకు, వాక్యం నడక పట్టుబడేందుకు కొంతకాలం చూచివ్రాత అవసరమే. దానిని పూర్తిగా కొట్టివేయటం సబబు కాదు. కాని సొంత మాట వ్రాస్తే ఎర్రసిరా, చూచి వ్రాస్తే టిక్కు అన్నప్పుడు తెలివైన పిల్ల ఏది ఎంచుకుంటుందో వేరే చెప్పాలా? రెండు లిపుల పిల్లకు సొంత మాటలో తప్పులు ఎక్కువ గనుక, ఆమె మరింత త్వరగా చూచివ్రాత నీడకు చేరి, పదవ తరగతి దాకా అక్కడే ఉండిపోతుంది.

పిల్లలు తమ మాటలో వ్రాయాలా, పుస్తకాల మాటలో వ్రాయాలా అన్నది ఈ సరిహద్దుకు కొత్త తగవు కాదు. రాయగడకు పొరుగున ఉన్న పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా పనిచేసిన గిడుగు రామమూర్తి (1863–1940) సవర భాష నేర్చి, సవర పిల్లల కోసం వాచకాలు తయారుచేశాడు. తమ నోటి మాట కాగితం మీద కనబడితే పిల్లలు ఎంత తేలికగా అందుకుంటారో గ్రహించినవాడు గనుకనే తెలుగులోనూ వాడుకభాష కోసం పోరాడాడు. 1910వ దశకంలో మద్రాసు రాష్ట్రాన్ని కుదిపిన గ్రాంథిక, వ్యావహారిక వివాదానికి కేంద్రబిందువు విద్యార్థుల వ్యాసరచనే. పాఠశాల పిల్లలు వ్యాసం ఏ భాషలో వ్రాయాలి అన్నదే ప్రశ్న. విజయనగరం నుండి గురజాడ అప్పారావు 1914లో మద్రాసు విశ్వవిద్యాలయానికి సమర్పించిన అసమ్మతి పత్రం ఈ సందర్భంలోనిదే. నాడు అధికారికంగా వారి పక్షం నెగ్గలేదు. తరువాతి కాలంలో పత్రికలు, పుస్తకాలు వారి త్రోవనే నడిచాయి. గిడుగు జన్మదినమైన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నారు. ఆ రోజున కూడా పిల్లలచేత కంఠస్థం చేసిన ఉపన్యాసాలే చెప్పించటం గమనింపదగిన విషయం.

చూచివ్రాత నుండి బయటపడిన పిల్లవాడు ముందుగా తెలిసినదంతా వరుసగా చెప్పుకుపోతాడు. బిసంకటక్ దగ్గర చాటికోనలో బుధవారం సంత జరుగుతుంది; నియమగిరి కొండల నుండి డొంగరియా కంధులు పండ్లు, పసుపు, అల్లం దించుతారు. ఆ సంత చూచి వచ్చిన పదేళ్ళ పిల్లవాడి వ్రాత ఇలా ఉంటుందనుకుందాం: "మేము సంతకు వెళ్ళాము. తర్వాత పసుపు చూశాము. తర్వాత అనాసపండు కొన్నాము. తర్వాత వాన వచ్చింది. తర్వాత ఇంటికి వచ్చాము." అయిదు వాక్యాలలో నాలుగు 'తర్వాత'లు. పెద్దలకు విసుగు పుట్టించే ఈ వ్రాత పిల్లవాడికి పెద్ద గెలుపు. ఈ అయిదు వాక్యాలూ అతడివే.

కెనడాకు చెందిన కార్ల్ బెరైటర్, మార్లీన్ స్కార్డమాలియా అనే పరిశోధకులు 1987లో ప్రచురించిన గ్రంథంలో ఈ తేడానే వివరించారు. చిన్నవారు తెలిసినది తెలిసిన వరుసలో చెబుతారు. ఎదిగిన రచయిత వ్రాస్తూనే తనకు తెలిసినదానిని తిరిగి మలచుకుంటాడు. అదే సంతను గురించి ఆ పిల్లవాడే పధ్నాలుగో ఏట వ్రాస్తే ఇలా ఉండవచ్చును: "నాన్న అడిగిన ధరకు అనాసపండ్లు ఇవ్వనన్న అవ్వ, చినుకులు మొదలవగానే సగం ధరకే ఇచ్చేసింది. దారి తడిస్తే చీకటి పడేలోగా ఆమె కొండ ఎక్కలేదు." వాన, ధర, కొండదారి నాలుగేళ్ళ క్రిందట విడివిడి సంగతులు. ఇప్పుడు ఒకదానికొకటి కారణాలయ్యాయి. పసుపు సంగతి ఎగిరిపోయింది, దానితో పని లేదు గనుక. ఏది వదిలివేయాలో తెలియటం ఈ మెట్టుకు గుర్తు.

తిరగవ్రాత విషయంలో కూడా ఎదుగుదల ఇలాగే సాగుతుంది. అమెరికాలో నాన్సీ సామర్స్ 1980లో ఇరవైమంది కళాశాల విద్యార్థుల దిద్దుబాట్లను ఇరవైమంది అనుభవజ్ఞులైన రచయితల దిద్దుబాట్లతో పోల్చి చూచారు. విద్యార్థులకు దిద్దటమంటే ఒక మాట తీసి మరొక మాట పెట్టటమే. అనుభవజ్ఞులు చెప్పదలచిన విషయాన్నే మళ్ళీ వెదుక్కున్నారు. చదివేవారిని తలచుకుని వాక్యాల వరుస మార్చారు. కళాశాల పిల్లలే అలా ఉన్నప్పుడు, ఆరవ తరగతి పిల్ల తన వ్యాసాన్ని తానే దిద్దుకోలేదని కోపగించటం ఎంతవరకు న్యాయం?

చదివేవారు ఒకరున్నారన్న స్పృహ కలిగించటానికి తల్లిదండ్రులకు డిగ్రీలు అక్కరలేదు. అక్షరం రాని తల్లి సైతం ఈ పని చక్కగా చేయగలదు. వ్రాసినదానిని పైకి చదివించుకుని, "ఏ అవ్వ? ఎందుకు తగ్గించింది?" అని అడిగితే చాలు. ఆ ప్రశ్నకు జవాబే రెండవ ప్రతిలో చేరవలసిన వాక్యం. అక్షరదోషాలను ఆ రోజుకు పక్కన పెట్టి, మరునాడు ఒక్క రకం దోషాన్ని మాత్రమే, ఉదాహరణకు ఎ-ఏ తేడాను, చూపించటం మేలు. పది దోషాలను ఒకేసారి ఎత్తిచూపితే పిల్ల సంతను కూడా మరచిపోతుంది. తెలుగు మాట తోచనప్పుడు మొదటి ప్రతిలో ఒడియా మాటను తెలుగు లిపిలోనే పెట్టనివ్వాలి. మాట కోసం ఆగిపోతే ఆలోచన పారిపోతుంది. సరైన మాటను తరువాత తాతగారిని అడిగి తెలుసుకోవచ్చు.

ఫోనులో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు వ్రాయటాన్ని గురించి పెద్దల ఆందోళనకు కారణం ఉన్నది. ఆ అలవాటు వలన లిపి దూరమవుతుంది. అయినప్పటికీ అమ్మమ్మకు పంపిన ఆ రెండు వాక్యాలలో సొంత మాట, చదివే మనిషి రెండూ ఉన్నాయి. అనేక బడి వ్యాసాలలో ఆ రెండూ ఉండవు. ఆ సందేశాన్నే ఆదివారం నాడు తెలుగు అక్షరాలలో కాగితం మీదకు ఎక్కించి, పార్వతీపురం వెళ్ళే బంధువు చేతికి ఇచ్చి పంపితే, వచ్చే వారం దానికి జవాబు కూడా వస్తుంది.

ఏడాది చివర నోటుపుస్తకాలను తూకానికి వేసే అలవాటు అన్ని ఇళ్ళలోనూ ఉన్నది. వేసేముందు పిల్లవాడు సొంతంగా వ్రాసిన పేజీలున్న పుస్తకం ఒక్కటి, తప్పులతో సహా, అట్టేపెట్టాలి. మరుసటి వేసవిలో కొత్త పుస్తకం పక్కన దానిని పెట్టి చూస్తే ఎన్ని 'తర్వాత'లు తగ్గాయో పిల్లవాడే లెక్కపెట్టుకుంటాడు.