మంత్రికి త్రోవ చిక్కని ఆట

అనంతపుర మండలమున వేసవి మధ్యాహ్నములందు రచ్చకట్టపై వేపనీడను చదరంగ మాడువారిని చూచినవారెఱుగుదురు: అచ్చట తొందరపడువాడు గెలువడు. వానకై యేండ్ల తరబడి మొగులువంక చూచినవారికి ఎత్తునకై కాచుకొనుట యొక లెక్కయా? 1930–31 నాటి హేస్టింగ్సు పోటీలోని యొక యాటను మొన్న బల్లపై పేర్చి చూడగా నాకు వారే జ్ఞప్తికి వచ్చిరి.

తెల్లపావులు పంజాబువాడగు మీర్ సుల్తాన్ ఖానువి. నల్లవి 1921 మొదలు 1927 వఱకు జగజ్జేతయైన కాపబ్లాంకావి. సర్ ఉమర్ హయాత్ ఖాను అను జమీందారుని పరివారమున నుండిన సుల్తాను, బంటు మొదట నొక్క గడియే నడచు దేశవాళీ యాటలో పెరిగినవాడు. పాశ్చాత్య నిబంధనలు పిమ్మట నేర్చి, 1929 లోనే బ్రిటిషు ఛాంపియనాయెను.

కాపబ్లాంకా పన్నినది క్వీన్సు ఇండియన్ రక్షణ. పందొమ్మిదవ శతాబ్దమున కలకత్తాలో మహేశచంద్ర బంద్యోపాధ్యాయుడు ఆడిన తీరునుబట్టి ఈ జాతి రక్షణలకు 'ఇండియన్' అను పేరు కలిగెను. మన పేరిటి కోటను పరాయివాడు కట్టగా మనవాడు ముట్టడించెనన్నమాట!

ఇరువది యొకటవ యెత్తున కాపబ్లాంకా తన యేనుగును తెల్లవారి తుదివరుసకు తోలి, రెండేనుగుల నిచ్చి మంత్రిని గొనెను. చూచువారికి నల్లదే పైచేయి. కాని మంత్రి చొచ్చుటకు సందేది? సుల్తాను బంట్లతో దారులు మూసి, తెఱపియైన యొక్క వరుసలో ఏనుగులను జంటగా నిలిపెను. నల్ల శకటు తన బంట్ల వెనుకనే చిక్కెను. ముప్పదియైదవ యెత్తు మొదలు నల్లమంత్రి యొక మూలను రెండు గళ్లనడుమ ఊరక తిరుగాడుచుండ, తెల్లరాజు నింపాదిగా నడచి భద్రస్థానమున చేరెను. అఱువది యొకటవ యెత్తున ఏనుగు కోటలో పడినది; బంటొకటి మంత్రి కాబోవుచుండగా, అఱువదియైదవ యెత్తున కాపబ్లాంకా ఓటమి నొప్పుకొనెను. ఆర్భాటపు బలిదాన మొక్కటియు లేదు. ఇట్టి యాట కొందఱికి చప్పగా నుండును; నాకు కాదు.

ఆ పోటీలో యూవే ప్రథముడు, కాపబ్లాంకా ద్వితీయుడు, సుల్తాను తృతీయుడు. 1932, 1933 లలో మరల బ్రిటిషు ఛాంపియనై ఆయన స్వదేశమునకు మరలెను. తర్వాత ఆయన నొక నిరక్షర సేవకునిగా వ్రాయుట పరిపాటి యాయెను. కుటుంబమువారు దానిని ఖండించిరి. గ్రాండ్‌మాస్టరు బిరుదము 1950 లో ఏర్పడి, గతించిన ఘనతనుబట్టియు పలువుర కీయబడెను. బ్రతికియున్న సుల్తానునకు రాలేదు. గుంటూరి హరికృష్ణ 2001 లో, గుడివాడ హంపి 2002 లో పదునైదేండ్ల ప్రాయమున నందుకొన్న బిరుదమది. 1966 లో సర్గోధాలో కన్నుమూసిన సుల్తానునకు అంతర్జాతీయ సమాఖ్య దానిని గౌరవపూర్వకముగా 2024 లో ఇచ్చెను.