చిన్నవారి పేరిట ఇచ్చిన సాయం పెద్దవారికెలా చేరింది?

కరోనా కాలంలో అమెరికాలో అమలైన ఒక సహాయ పథకం గురించి పాఠకులతో పంచుకోదలిచాం. దానం చేసేవారికీ, దాన్ని పంచేవారికీ అందులో ఒక పాఠం ఉంది.

2020 మార్చి 27న అక్కడ కేర్స్ చట్టం వచ్చింది. చిన్న వ్యాపారాలు మూతపడకుండా, పనివారి జీతాలు ఆగకుండా 34,900 కోట్ల డాలర్లు కేటాయించారు. వడ్డీ ఒక్క శాతం. సొమ్ములో అధికభాగం జీతాలకు ఖర్చుచేస్తే అప్పు తిరిగి కట్టనవసరం లేదు. ఏప్రిల్ 3న దరఖాస్తులు మొదలయ్యాయి. 16వ తేదీకల్లా డబ్బంతా అయిపోయింది.

ఆ తర్వాత తెలిసిన పేర్లు చూసి జనం నివ్వెరపోయారు. షేక్ షాక్ అనే హోటళ్ల సంస్థకు కోటి డాలర్లు, రూత్స్ క్రిస్ సంస్థకు 2 కోట్లు, లాస్ ఏంజెలెస్ లేకర్స్ బాస్కెట్‌బాల్ జట్టుకు 46 లక్షలు అందాయి. విమర్శలు రావడంతో ముగ్గురూ తిరిగి ఇచ్చేశారు.

వీరు దొంగదారిన వెళ్లలేదు. చట్టమే తలుపు తెరిచింది. సాధారణంగా 500 మందికి మించి సిబ్బంది ఉండరాదన్నది నియమం. హోటళ్లకు మాత్రం ఆ లెక్కను ఒక్కో శాఖకు విడిగా చూడమన్నారు. దాంతో వందకు పైగా శాఖలున్న సంస్థ కూడా 'చిన్నది' అయింది.

రెండో కారణం బ్యాంకులు. అనేక బ్యాంకులు ముందుగా తమ పాత ఖాతాదారులనే చూసుకున్నాయి. ప్రభుత్వం వాటికిచ్చే రుసుము మూడున్నర లక్షల డాలర్ల వరకు అప్పుపై 5 శాతం, 20 లక్షలు, ఆపైన అప్పుపై 1 శాతం. శాతం చూస్తే చిన్న అప్పే లాభం. లెక్క కట్టి చూడండి: 20 వేల డాలర్ల అప్పుకు వెయ్యి డాలర్లు, కోటి డాలర్ల అప్పుకు లక్ష!

మూడోది 'ముందు వచ్చినవారికి ముందు' అన్న పద్ధతి. పైకి న్యాయంగానే కనిపిస్తుంది. బడిలో ఉచిత పుస్తకాలు అలా పంచితే ఎవరికి అందుతాయో ఉపాధ్యాయులుగా మేమెరుగుదుం. బడి పక్కన ఉండే పిల్లలకు, తండ్రి తీసుకొచ్చి దింపే పిల్లలకు. పొరుగూరి నుంచి నడిచివచ్చే బిడ్డకు ఖాళీ బల్లే మిగులుతుంది. లెక్కలు రాసే గుమస్తా, తెలిసిన బ్యాంకు మేనేజరు ఉన్న సంస్థ ఒక్క పూటలో దరఖాస్తు పెట్టగలదు. ఒంటరిగా క్షౌరశాల నడిపేవాడికి కాగితాలు కూర్చుకునేసరికే వారం గడుస్తుంది.

తర్వాత కొంత సరిదిద్దారు. ఏప్రిల్ 24న మరో 31,000 కోట్ల డాలర్లు ఇచ్చి, అందులో 6,000 కోట్లను చిన్న బ్యాంకులు, స్థానిక రుణ సంస్థల ద్వారా ఇచ్చేందుకు ప్రత్యేకించారు. 2021 ఫిబ్రవరి 24 నుంచి రెండు వారాలు 20 మందికన్నా తక్కువ సిబ్బంది ఉన్నవారి దరఖాస్తులు మాత్రమే తీసుకున్నారు.

పథకం పైన 'పేదలకు' అని రాసినంతమాత్రాన అది పేదలకు చేరదు. వరుస ఎక్కడ మొదలవుతుంది, దరఖాస్తు ఎవరు రాయగలరు, కబురు ఎవరికి ముందు తెలుస్తుంది అన్నవే దాని గమ్యాన్ని నిర్ణయిస్తాయి. ఫీజు సాయమైనా, వైద్య సాయమైనా, ఎంత ఇచ్చామన్న ప్రశ్నతోపాటు రాలేకపోయినవారెవరన్న ప్రశ్న కూడా మనం అడుగుదాం.