బీమా ఫారంలో మధుమేహాన్ని దాచకండి

నానబెట్టిన మెంతులు, కాకర రసం, నేరేడు గింజల చూర్ణం వాడుతూ మధుమేహాన్ని అదుపులో ఉంచుకొంటున్న కుటుంబాలు మన పాఠకులలో అనేకం. అట్టివారు ఆరోగ్య బీమా తీసుకొనేటప్పుడు చేసే ఒక పొరపాటును గురించి ఈ వ్యాసం. ఆ పొరపాటులో నాకూ భాగమున్నది.

పోలవరంలో మా వీధిన బట్టల కొట్టు నడిపే పెద్దాయనను అన్నగారూ అని పిలుస్తాను. నేనిచ్చిన నేరేడు గింజల చూర్ణాన్ని అయిదేళ్ళపాటు పరగడుపున మజ్జిగలో సేవించారు. పథ్యం, నడక తప్పలేదు. రక్తపరీక్షలో చక్కెర హద్దు దాటలేదు. బీమా ఫారం నింపేనాడు మధుమేహమున్నదా అన్న ప్రశ్నకు "లేదు" అని రాశారు. "ఇంగ్లీషు మాత్ర ఒక్కటీ వేసుకోను, ఇంక షుగరెక్కడిది తమ్ముడూ?" అన్నారు. నేను నవ్వి ఊరుకున్నాను.

రెండేళ్ళకు గుండెనొప్పి వచ్చింది. తాళ్ళపూడి, కొవ్వూరు మీదుగా రాజమహేంద్రవరం తీసుకువెళ్ళాం. వైద్యులు అడుగగా వదినగారు ఉన్నదున్నట్లు చెప్పారు: "ఏడేళ్ళుగా షుగరండి, పొడి వాడుతున్నారు." ఆ మాట కేసుషీటులోకి ఎక్కింది. స్టెంటు వేశారు, ప్రాణం నిలిచింది. క్లెయిము మాత్రం తిరస్కరించారు. వదినగారి గాజులు తాకట్టుకు వెళ్ళాయి.

కంపెనీని తిట్టుకొన్నాం గాని, ఫారం మళ్ళీ చదివితే తప్పు మాదేనని తెలిసింది. అందులో అడిగింది మాత్రల సంగతి కాదు, వ్యాధి సంగతి. అదుపులో ఉన్న వ్యాధి కూడా వ్యాధే. వదినగారు ఆసుపత్రిలో అబద్ధమాడవలసిందని కొందరన్నారు. చికిత్స చేసే వైద్యుని వద్ద మధుమేహాన్ని దాచటం ప్రాణాపాయం. నిజం చెప్పవలసిన చోటు అంతకు ముందే ఉన్నది.

నిజం రాస్తే పాలసీ ఇవ్వరేమోనని చాలామందికి భయం. ప్రీమియం కొంత పెరగవచ్చు, ఒక్కొక్కప్పుడు నిరాకరించనూవచ్చు. కాని పాలసీ ఇచ్చిన పిమ్మట, ముందునుంచి ఉన్నట్లు తెలిపిన వ్యాధికి నిరీక్షణ కాలం మూడేళ్ళకు మించరాదు. 2024కు పూర్వం ఇది నాలుగేళ్ళు. అయిదేళ్ళు ఎడతెగక సాగిన పాలసీలో, మోసం రుజువైతే తప్ప, వ్యాధి తెలుపలేదన్న కారణంతో క్లెయిము నిరాకరించరాదు. జీవిత బీమాలో ఈ గడువు మూడేళ్ళు. అంతవరకు గుట్టు దాగితే చాలుననుకొనేవారికి మా అన్నగారి గుండె రెండేళ్ళే ఆగిందని గుర్తుచేస్తాను.

ఇక ఖర్చు. 2017లో ప్రభుత్వం స్టెంటు ధరకు పరిమితి విధించింది. అయినా ఐ.సి.యు., పరీక్షలు, గది అద్దె కలిసి బిల్లు పెద్దదే అవుతుంది. గది అద్దె నిబంధనను తప్పక చదవండి. రోజుకు 3,000 రూపాయల పరిమితి గల పాలసీతో 6,000 రూపాయల గదిలో చేరితే, అద్దెలోనే గాక డాక్టరు ఫీజు వంటి గదినిబట్టి మారే ఖర్చులలోనూ సగమే రావచ్చు. మందులకు, స్టెంటు వంటి పరికరాలకు ఈ కోత వర్తించరాదు.

ఆయుర్వేద చికిత్సను ఇతర వైద్యాలతో సమానంగా చూడవలెనని బీమా నియంత్రణ సంస్థ 2024లో ఆదేశించింది. అర్హత గల ఆయుర్వేద ఆసుపత్రిలో చేరి చేయించుకొన్న చికిత్సకే సాధారణంగా సొమ్ము వస్తుంది. ఇంట కాచుకొన్న కషాయానికి రాదు.

అన్యాయంగా తిరస్కరించారని తోస్తే ముందు కంపెనీకే వ్రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. నెలలో న్యాయం జరుగకపోతే హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. రుసుము లేదు, వకీలు అక్కరలేదు. మేము ఆ దారి పట్టలేదు. "లేదు" అన్న మాట కింద అన్నగారి సంతకమే ఉన్నది.

ఆయన ఇప్పుడు డాక్టరు మాత్రలు వాడుతున్నారు, నేను వద్దనలేదు. చూర్ణం కోసం ఎవరు వచ్చినా పొట్లం మీద తేదీతో పాటు "మధుమేహం" అని రాసి ఇస్తున్నాను. బీమా ఉన్నదా, ఫారంలో ఏమి రాశారు అని కూడా అడుగుతున్నాను.