ఒకే చిట్టా, ఇద్దరు గుమాస్తాలు

అమ్మ పాత ఫోను తెర నల్లబడిపోయింది. తాతయ్య ఫోటోలన్నీ అందులోనే ఉన్నాయి. వెనక మూత తీసి గోటితో నొక్కితే మెమరీ కార్డు టక్కున పైకొచ్చింది. పొడవు 15 మిల్లీమీటర్లు, వెడల్పు 11, మందం 1. వెనకవైపు బంగారు రంగులో ఎనిమిది గీతలు. రాయడమైనా చదవడమైనా వాటి గుండానే.

దీని మూలం జపాన్‌లో ఉంది. తోషిబాలో పనిచేస్తూ ఫుజియో మసుఒకా కనిపెట్టిన ఫ్లాష్ మెమరీ 1984లో లోకానికి తెలిసింది. రాసింది ఒక్కసారిగా చెరిగిపోతుంటే కెమెరా ఫ్లాష్ గుర్తొచ్చిందని తోటి ఉద్యోగి అన్న మాటే పేరైంది. చిన్న చిన్న అరల్లో ఎలక్ట్రాన్లను బంధించడమే ఇక్కడ రాత. అర చుట్టూ విద్యుత్తు పారని పొర ఉంటుంది కనుక, బ్యాటరీ తీసేసినా అవి కదలవు. 2004లో శాన్‌డిస్క్ ఈ గోరంత కార్డును ట్రాన్స్‌ఫ్లాష్ పేరుతో తెచ్చింది. మరుసటి ఏడాది అదే మైక్రోఎస్‌డీ అయింది.

సెల్ షాపులో పాటలు ఎక్కించుకున్న రోజులు గుర్తున్నాయా? కేబుల్ పెట్టి కార్డును కంప్యూటర్‌కి అప్పగించగానే ఫోనుకి పాటలు కనబడేవి కావు. ఏ ఫైలు ఎక్కడుందో రాసిపెట్టే చిట్టా ఒకటి కార్డులోనే ఉంటుంది. ఇద్దరు గుమాస్తాలు ఒకేసారి అందులో రాస్తే లెక్క తప్పుతుంది, ఫోటో ఉండీ దొరకదు. అందుకని ఒకరు రాస్తుంటే రెండోవారు కలం దించాల్సిందే. 2011లో ఆండ్రాయిడ్ ఎంటీపీ అనే పద్ధతి తెచ్చింది. చిట్టా ఫోను దగ్గరే ఉంటుంది, కంప్యూటర్ ఫలానా ఫైలు కావాలని అడిగి తీసుకుంటుంది. నిదానమే అయినా నాకు ఈ పద్ధతే నచ్చుతుంది.

కానీ తెర పోయిన ఫోనులో 'ఫైల్ ట్రాన్స్‌ఫర్' నొక్కేదెలా? కార్డును అడాప్టర్‌లో పెట్టి, పక్కనున్న బుల్లి లాకును కిందికి జరిపాను. ఆ లాకు సంగతి కార్డుకి తెలియదు. కార్డు రీడరే దాన్ని చూసి రాయడం మానుకుంటుంది.

కంప్యూటర్‌లో తెరిచి చూస్తే ఒక ఫోల్డరు ఖాళీగా ఉంది. పొరపాటున డిలీట్ చేశానని అమ్మ అప్పుడు చెప్పింది. ఇలాంటి పాత కార్డుల్లో డిలీట్ అంటే చిట్టాలో పేరు మొదటి అక్షరం మార్చి, ఆ చోటు ఖాళీ అని రాసుకోవడమే. ఆ చోట కొత్తది రాసేదాకా ఫోటో అక్కడే ఉంటుంది. ముందే లాకు వేయడం మంచిదైంది. రికవరీ సాఫ్ట్‌వేర్ గంటసేపు వెతికి పదకొండు ఫోటోలు తీసింది. ఏడో దాంట్లో తాతయ్య అరుగు మీద కూర్చుని, కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని, పేపరు చదువుతున్నాడు.