సెల్‌ఫోను కొనే ముందు దాని గడువు అడగండి

విత్తనాల సంచి కొనేటప్పుడు మీరేం చూస్తారు? లాట్ నంబరు, మొలక శాతం, గడువు తేదీ చూస్తారు. బిల్లు అడిగి మరీ తీసుకుంటారు. పురుగు మందు డబ్బా అయినా అంతే. మరి పది, పన్నెండు వేలు పోసి సెల్‌ఫోను కొనేటప్పుడు దానికీ ఒక గడువు ఉంటుందని మనలో ఎందరు అడుగుతున్నాం?

మొన్న తొలకరికి ముందు మండల కేంద్రంలో ఒక సెల్‌ఫోన్ల దుకాణం దగ్గర కూర్చున్నాను. రెండెకరాల రైతు ఒకాయన ఫోను పట్టుకొచ్చాడు. తెర పగల్లేదు. బ్యాటరీ సాయంత్రం దాకా వస్తోంది. మాట స్పష్టంగా వినబడుతోంది. కానీ పీఎం కిసాన్ యాప్ మాత్రం ఎక్కడం లేదట. "ఫోను బాగానే ఉంది గదా, ఎందుకెక్కదు?" అని అడిగాడు. దుకాణం కుర్రాడు ఫోనును అటూ ఇటూ తిప్పి చూసి "పాతదైపోయింది బాబాయ్, కొత్తది తీసుకో" అన్నాడు.

కొత్త ఫోను ధర వినగానే ఆయన ముఖం వాడిపోయింది. విత్తనం, దుక్కి, అడుగు ఎరువు అన్నీ ముందున్న రోజులవి. నిజానికి ఆయన అడిగిన ప్రశ్న చాలా సరైన ప్రశ్న. ఫోను బాగానే ఉంటే మరి పాతబడింది ఏమిటి?

ఎద్దులు వేరు, తోలేవాడు వేరు

ఫోనులో చేతికి తగిలే సామాను ఒకటి ఉంటుంది. తెర, బ్యాటరీ, కెమెరా, లోపలి చిప్పు, ర్యామ్ అన్నీ కలిపి హార్డ్‌వేరు అంటారు. వీటిని కాడెద్దులు అనుకోండి. వాటిని నడిపించే ప్రోగ్రాము ఆపరేటింగ్ సిస్టమ్. ఇది తోలేవాడి లాంటిది. వాట్సాప్, బ్యాంకు, పీఎం కిసాన్ వంటి యాపులు వెనక కట్టిన నాగలి, గుంటక, గొర్రు. ఎద్దులు ఎంత బలంగా ఉన్నా తోలేవాడికి కొత్త గొర్రు పట్టడం తెలియకపోతే పని సాగదు.

చాలా ఫోన్లలో జరిగేది ఇదే. హార్డ్‌వేరు ఆరేడేళ్లు నడుస్తుంది. ఫోను చేసిన కంపెనీ మాత్రం రెండు, మూడేళ్లకే ఆపరేటింగ్ సిస్టమ్‌కు అప్‌డేట్లు పంపడం మానేస్తుంది. అప్పటి నుంచి రెండు నష్టాలు. ఒకటి, దొంగలు కనిపెట్టిన కొత్త కన్నాలకు మరమ్మతు రాదు. రెండు, కొత్త యాపులు ఆ పాత వెర్షన్‌ను ఒప్పుకోవు. 2013లో వచ్చిన ఆండ్రాయిడ్ 4.4 ఉన్న ఫోన్లలో 2025 జనవరి 1 నుంచి వాట్సాప్ ఆగిపోయింది. ఆ ఫోన్లు విరిగిపోయి కాదు, లోపలి వెర్షన్ వెనకబడి.

ఇదివరకు ఫోను ఆగితే మాట్లాడుకోవడం ఒక్కటే ఆగేది. ఇప్పుడలా కాదు. ఫోనుకు ముఖం చూపించి ఈ-కేవైసీ చేసుకునే పద్ధతి పీఎం కిసాన్ యాప్‌లో 2023 జూన్‌లో వచ్చింది. ఓటీపీ, బ్యాంకు ఖాతా, వాన కబురు, మార్కెట్ ధర అన్నీ అందులోనే. ఫోను కూడా సేద్యపు పనిముట్ల లెక్కలోకి వచ్చేసింది.

నాటు విత్తనం లాంటి సాఫ్ట్‌వేరు

కంపెనీ వదిలేస్తే ఆ ఫోను కథ ముగిసినట్లేనా? కానక్కరలేదు. హైబ్రిడ్ విత్తనం ఏటా కొనాలి. నాటు విత్తనం దాచుకోవచ్చు, పొరుగువాడికి ఇవ్వవచ్చు, మన నేలకు తగ్గట్టు ఏరుకోవచ్చు. సాఫ్ట్‌వేరులోనూ అలాంటి రకం ఉంది. దాన్ని ఓపెన్ సోర్సు అంటారు. అది రాసిన తీరు అందరికీ బాహాటం. ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచవచ్చు.

1991లో ఫిన్లాండ్‌లో లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి మొదలుపెట్టిన లినక్స్ అటువంటిదే. దాని మీదే ఆండ్రాయిడ్ కట్టారు. మొదటి ఆండ్రాయిడ్ ఫోను 2008లో వచ్చింది. 2014లో వచ్చిన ఆండ్రాయిడ్ 5తో ఫోను మెనూలు తెలుగులోనూ అందాయి. అయితే ఒక మెలిక గమనించండి. ఆండ్రాయిడ్ పునాది ఓపెన్. దాని మీద ఉండే ప్లే స్టోరు, మ్యాపులు వంటివి గూగుల్ సొంతం. చిప్పును నడిపే చిన్న ప్రోగ్రాములు చిప్పు కంపెనీ గుప్పిట్లో ఉంటాయి. అందుకే అప్‌డేట్లు ఆగుతాయి.

కంపెనీ చేతులెత్తేసినా విత్తనం బతుకుతుందని చెప్పడానికి ఒక ఉదాహరణ. మొజిల్లా సంస్థ ఫైర్‌ఫాక్స్ ఓఎస్ అనే ఓపెన్ సిస్టమ్‌తో 2013లో ఫోన్లు తెచ్చింది. 2014 ఆగస్టులో మన దేశంలో ఇంటెక్స్ కంపెనీ ఆ ఫోనును 1,999 రూపాయలకే అమ్మింది. యాపులు చాలక అది నిలవలేదు. 2015 డిసెంబరులో మొజిల్లా ఆ పని మానుకుంటున్నట్లు చెప్పింది. కానీ ఆ కోడు నుంచే కైఓఎస్ పుట్టింది. 2017లో 1,500 రూపాయల డిపాజిట్‌తో వచ్చిన జియోఫోను నడిచింది దాని మీదే. అయితే 2024 జూన్ నుంచి కైఓఎస్ ఫోన్లలో వాట్సాప్‌ను కొత్తగా దించుకునే వీలు పోయింది. విత్తనం బతికినా, పండిన గింజ కొనే మార్కెట్ లేకపోతే రైతుకు ఇబ్బందే కదా!

ఇంకో ఉదాహరణ నెదర్లాండ్స్‌ది. ఫెయిర్‌ఫోన్ అనే కంపెనీ 2015లో తెచ్చిన రెండో మోడలుకు చిప్పు కంపెనీ ఆండ్రాయిడ్ 6 దగ్గరే చేయి విడిచింది. ఫెయిర్‌ఫోన్ వాళ్లు ఓపెన్ సోర్సు కార్యకర్తల పనిని ఆసరా చేసుకుని దాన్ని ఆండ్రాయిడ్ 10 దాకా తెచ్చారు. 2023 వరకు, అంటే ఏడేళ్లు అప్‌డేట్లు ఇచ్చారు. మనసుంటే కుదురుతుందని దీన్ని బట్టి తెలుస్తోంది.

మన దేశంలో ఐఐటీ మద్రాసు ఆసరాతో తయారైన భార్‌ఓఎస్‌ను 2023 జనవరిలో ప్రకటించారు. అదీ ఆండ్రాయిడ్ ఓపెన్ పునాది మీద కట్టిందే. మొదట గోప్యత బాగా అవసరమైన సంస్థల కోసమని చెప్పారు. ఊళ్లో దుకాణంలో అడిగి వేయించుకునే సరుకు కాదది.

నేను వేసి చూశాను

పాత ఫోన్లకు కొత్త ప్రాణం పోసేవాటిలో పేరున్నది లీనేజ్ ఓఎస్. 2009లో మొదలైన సయనోజెన్‌మాడ్ 2016 డిసెంబరులో మూతపడితే, దాని కోడునే తీసుకుని కార్యకర్తలు దీన్ని నడుపుతున్నారు. ఖరీదు లేదు.

మా ఇంట్లో మూల పడిన ఫోను ఒకటి ఉంటే, డిప్లొమా చదివే మా మేనల్లుడి చేత వేయించాను. ముందుగా ఫోనుకు కంపెనీ వేసిన తాళం తీయాలి. ఆ పనితో లోపలి ఫొటోలు, నంబర్లు అన్నీ చెరిగిపోతాయి. తర్వాత మోడలు నంబరు అక్షరం తేడా లేకుండా సరిపోయే ఫైలు ఎక్కించాలి. తప్పు ఫైలు ఎక్కిస్తే ఫోను ఇటుక ముక్కే. మూడు గంటలు పట్టింది. ఆ తర్వాత ఫోను చురుగ్గా పనిచేసింది. మాట, వాట్సాప్, వాన కబురు అన్నీ వచ్చాయి. సంతోషించే లోపలే బ్యాంకు యాప్ తెరుచుకోనంది. తాళం తీసిన ఫోన్లను చాలా బ్యాంకు యాపులు నమ్మవు.

ఇంకో చిక్కూ ఉంది. జియో సిమ్‌లో మాట 4జీ మీదే నడవాలి. కొన్ని ఫోన్లలో కొత్త సిస్టమ్ వేశాక ఆ సౌకర్యం పనిచేయదు. ఫోను వారంటీలో ఉంటే అదీ పోవచ్చు. అందుచేత నా సలహా ఇది. బ్యాంకు లావాదేవీలు చేసే ఫోనును ఇలా ముట్టుకోవద్దు. మూల పడి ఉన్న ఫోను ఉంటే, తెలిసినవాడు పక్కన ఉంటే, పిల్లల చదువుకో వాతావరణం చూసుకోవడానికో వేయించుకోండి.

కొనేటప్పుడు అడగవలసినవి

* ఈ మోడలుకు ఆండ్రాయిడ్ కొత్త వెర్షన్లు ఎన్ని ఇస్తారు? భద్రతా అప్‌డేట్లు ఎన్నేళ్లు ఇస్తారు? ఇవి రెండూ వేరు. రెండూ అడగండి.
* మోడలు ఎప్పుడు విడుదలైంది? చాలా కంపెనీలు ఏళ్ల లెక్క విడుదలైన రోజు నుంచే వేస్తాయి, మీరు కొన్న రోజు నుంచి కాదు. రెండేళ్ల నాటి మోడలు తక్కువ ధరకు వస్తే దాని ఆయుష్షు రెండేళ్లు అప్పుడే తరిగిందని గుర్తు.
* ర్యామ్ 4 జీబీకి తగ్గవద్దు. స్టోరేజి 64 జీబీ కంటే 128 ఉంటే మేలు. మెమరీ కార్డు చోటు ఉంటే ఇంకా మంచిది.
* బ్యాటరీ, తెర మార్చే సర్వీసు సెంటరు దగ్గరి పట్టణంలో ఉందా? ధర ఎంత?
* బిల్లు మీద 15 అంకెల ఐఎంఈఐ నంబరు వేయించుకోండి. పాత ఫోను కొంటే *#06# నొక్కి ఆ నంబరు చూడండి. కేవైఎం అనే మూడు ఇంగ్లీషు అక్షరాలు కొట్టి, ఖాళీ వదిలి, ఆ నంబరు వేసి 14422కు ఎస్ఎంఎస్ పంపితే వివరం వస్తుంది. దొంగ ఫోను కొంటే డబ్బూ పోతుంది, పరువూ పోతుంది.

గూగుల్ 2023లో పిక్సెల్ 8కు, శాంసంగ్ 2024లో గెలాక్సీ ఎస్24కు ఏడేళ్ల అప్‌డేట్లు ప్రకటించాయి. అవి ఖరీదైన ఫోన్లు. ఐరోపా సమాఖ్య 2025 జూన్ 20 నుంచి కొత్త నిబంధన పెట్టింది. అక్కడ ఒక మోడలు అమ్మకం ఆపిన తర్వాత కూడా కనీసం అయిదేళ్లు అప్‌డేట్లు ఇవ్వాలి. చౌక ఫోనుకూ అదే వర్తిస్తుంది. మనం కూడా అడిగితేనే ఇక్కడి అమ్మకందారు తెలుసుకుని చెబుతాడు.

ఉన్న ఫోనుతో ముందు ఇవి చెయ్యండి

సెట్టింగ్స్‌లో 'ఫోన్ గురించి' అనే చోట ఆండ్రాయిడ్ వెర్షన్, భద్రతా ప్యాచ్ తేదీ ఉంటాయి. చూసుకోండి. 'సిస్టమ్ అప్‌డేట్' నొక్కి చూడండి. చాలామంది ఫోన్లలో వచ్చిన అప్‌డేట్ ఎక్కకుండా పడి ఉంటుంది. వాట్సాప్ వీడియోలు తుడిచేసి చోటు చేయండి. బ్యాటరీ ఒక్కటే అలసిపోతే దాన్ని మార్పించండి. ట్రాక్టరు మీద, గట్టు మీద ఎండలో ఫోను పెట్టకండి. వేడికి బ్యాటరీ త్వరగా చస్తుంది. పీఎం కిసాన్ పేరుతో వాట్సాప్‌లో వచ్చే ఫైళ్లను ఎక్కించకండి. యాప్ ఏదైనా ప్లే స్టోరు నుంచే తీసుకోండి. మోసపోతే ఆలస్యం చేయక 1930కి ఫోను చేయండి.

ఇక ఆ రెండెకరాల రైతు సంగతి. ఫోను తీసి చూస్తే చోటంతా వీడియోలతో నిండి ఉంది. తుడిచేసి, ఆగి ఉన్న అప్‌డేట్ ఎక్కించాం. అయినా యాప్ ఎక్కలేదు. ఆయన ఫోను గడువు నిజంగానే ముగిసింది. అయినా ఈ-కేవైసీకి ముఖం చూపించడం ఒక్కటే దారి కాదు. ఓటీపీతో చేయవచ్చు, కామన్ సర్వీసు సెంటరులో వేలిముద్రతోనూ చేయవచ్చు. ఆ వీధిలోనే ఉన్న సెంటరుకు పంపాను. పావుగంటలో పని ముగించుకుని వచ్చాడు.

"పంట అమ్మినాక కొంటాలే, అప్పుడు ఎన్నేళ్లని అడిగి కొంటా" అన్నాడు పోతూ పోతూ. చేతిలో డబ్బు అలాగే ఉంది. ఆ రోజే ఎరువుల కొట్టుకు వెళ్లాడు.