సూలియవొంగ్స మహారాజు

ఆసియా ఖండపు ఆగ్నేయ భాగమున, మెకాంగ్ మహానది తీరమున లావోస్ అను దేశము కలదు. పూర్వమచ్చట లాన్ సాంగ్ అను రాజ్యము వర్ధిల్లెను. ఆ పేరునకు పది లక్షల ఏనుగులని యర్థము. 1353వ సంవత్సరమున ఫా న్గుమ్ అను వీరుడు దానిని స్థాపించెను. ఆ రాజ్యము నేలినవారిలో సూలియవొంగ్స మిక్కిలి ప్రసిద్ధుడు. ఆతని పేరు మనకు క్రొత్తది కాదు. 'సూర్యవంశ' అను సంస్కృత పదమే లావో భాషలో నట్లు మారినది.

1638వ సంవత్సర ప్రాంతమున ఆతడు సింహాసనము నధిష్ఠించెను. అంతకు పూర్వము బర్మావారి దాడులచేతను, వారసుల కలహములచేతను రాజ్యము నలిగియుండెను. సూలియవొంగ్స ఇరుగుపొరుగు రాజులతో మైత్రి నెరపి, ఏబది యేండ్లకు పైగా దేశమున శాంతిని నెలకొల్పెను. వియత్నాం రాజుతో ఆతడు చేసికొనిన సరిహద్దు ఒడంబడికను గూర్చి యొక వింత విషయము చెప్పుదురు. గుంజలపై లేపి కట్టిన యిండ్లలో నివసించువారు లావో రాజునకును, నేలపై కట్టిన యిండ్లలో నివసించువారు వియత్నాం రాజునకును చెందునట్లు వారు నిర్ణయించుకొనిరట!

1641లో వాన్ వుయిస్తాఫ్ అను డచ్చి వర్తకుడు లక్క, సాంబ్రాణి కొనగోరి, పడవలపై మెకాంగ్ నదికి ఎదురేగి రాజధానియగు వియంటియాన్ నగరమును చేరెను. మరుసటి యేట లేరియా అను క్రైస్తవ మతగురువు వచ్చి యైదేండ్లు అచ్చట నుండెను. ఆ నగర వైభవము వీరి వ్రాతలవలన లోకమునకు తెలిసెను. బౌద్ధ విద్య నభ్యసించుటకై పరదేశములనుండియు భిక్షువులు అచ్చటికి వచ్చుచుండిరి.

ఇంతలో రాజునకు కఠిన పరీక్ష యెదురయ్యెను. ఆతని యేకైక కుమారుడు రాజోద్యోగి యొకని భార్యయెడ దోషము చేసి పట్టుబడెను. దేశధర్మము ననుసరించి ఆ నేరమునకు మరణమే శిక్ష. రాజు తలచినచో కుమారుని క్షమింపగలడు. కాని ప్రజలకొక ధర్మము, తన బిడ్డకొక ధర్మము ఉండరాదని యెంచి, శిక్షను ఆపకుండెను. యువరాజు ప్రాణములు గోల్పోయెను.

17వ శతాబ్ది చివర రాజు మరణించునప్పటికి మనుమలు పసివారు. సింహాసనమునకై కలహములు చెలరేగెను. 1707లో లువాంగ్ ప్రబాంగ్, వియంటియాన్ రాజ్యములు వేరుపడెను. 1713లో చంపాసక్ చీలిపోయెను. 1779 నాటికి మూడును సయాము రాజునకు లోబడెను.

సూలియవొంగ్స న్యాయము తప్పినవాడు కాడు. ఐనను ఆతడు నిలిపిన శాంతి ఆతనితోనే ముగిసెను. రాజు ధర్మపరుడగుట యొక్కటియే చాలదు. తన తరువాత రాజ్యమును నడుపగల యేర్పాటును చేసి యుండవలెనని ఈ చరిత్ర మనకు తెలుపుచున్నది.