పాలు కారితే జిల్లేడేనా?

నర్సరీ బండి వీధిలోకి వచ్చిందంటే చాలు, గుడివాడలో మా ఇరుగుపొరుగు ఆడవాళ్లమంతా చుట్టూ మూగుతాం. "ఇదేం మొక్క బాబూ?" అంటే, "మంచి పూలమొక్కమ్మా, తీస్కోండి" అంటాడే గాని పేరు చెప్పడు. ఆకు తుంచితే పాలు కారే మొక్కయితే మాత్రం పేరు తెలుసుకోకుండా ఇంటికి తెచ్చుకోవద్దంటాను నేను.

పాలున్న ప్రతి మొక్కా జిల్లేడు కుటుంబానిది కాదు. మర్రికీ, జెముడుకీ కూడా పాలుంటాయి. అందుకే మూడు గుర్తులు కలిపి చూడండి. చాలావాటికి కణుపు దగ్గర ఆకులు రెండేసి ఎదురెదురుగా ఉంటాయి. పూవు మధ్యలో చిన్న కిరీటం ఉంటుంది. కాయ పండి పగిలితే, పట్టులాంటి దూది అంటుకున్న గింజలు గాలిలో ఎగురుతాయి.

మచిలీపట్నం దగ్గర మంగినపూడిలో ఊదారంగు పూల జిల్లేడు తనంతట తానే పెరుగుతుంది. వినాయకుడి కోసం ఇళ్లలో పెంచే తెల్ల జిల్లేడు కూడా ఆ జాతిదే, పూల రంగే తేడా. రేకులు పైకి నిలబడి, చివర్లో ఊదా మచ్చ ఉంటే మాత్రం అది వేరే జాతి జిల్లేడు.

దివిసీమలో, అవనిగడ్డలోని మా పిన్ని ఇంట్లో కుండీలో హోయా తీగ ఉంది. దళసరి ఆకులు, మైనంతో చేసినట్టుండే పూలగుత్తి. పూలు రాలాక ఆ కాడని కత్తిరించకండి, మళ్లీ అక్కడే పూస్తుంది. ఎరుపు, పసుపు కలిసిన చిన్న పూల గుత్తులతో నర్సరీల్లో దొరికే ఆస్‌క్లెపియాస్ అమెరికా ఖండం నుంచి వచ్చింది. దాని ఆకుల మీద చారల గొంగళిపురుగులు కనిపిస్తే మందు కొట్టకండి. అవి నారింజ రంగు సీతాకోకచిలుకలవుతాయి.

గన్నేరు, నందివర్ధనం, బిళ్ళగన్నేరు కూడా వీటికి చుట్టాలే. అంతర్జాతీయ వర్గీకరణలో జిల్లేడు కుటుంబాన్ని గన్నేరు కుటుంబంలోనే కలిపారు. గన్నేరుకి కణుపుకి మూడేసి ఆకులు సామాన్యంగా ఉంటాయి. పచ్చగన్నేరుకి ఆకులు చుట్టూ ఒక్కొక్కటిగా వస్తాయి. ఈ రెండూ ప్రాణాంతకమైన విషం గలవి. పచ్చగన్నేరు గింజలైతే మరీ ప్రమాదం.

వినాయక చవితికి పత్రి కోసం, రథసప్తమికి జిల్లేడాకుల కోసం పిల్లల్ని పంపుతాం కదా! ఆకులు కోశాక చేతులు సబ్బుతో కడిగించండి. పాలు కంట్లో పడితే పావుగంటకి తగ్గకుండా మంచినీళ్లతో కడిగి, వెంటనే కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. ఆ పాలు కంటి నల్లగుడ్డుని దెబ్బతీస్తాయి.

ఏదైనా నోట్లో పెట్టుకుని మింగితే ఇంటి వైద్యాలు చేయకండి, బలవంతంగా వాంతి చేయించకండి. వెంటనే ఆసుపత్రికి బయల్దేరండి. ఆ మొక్క రెమ్మ కూడా పట్టుకెళ్లండి. "ఏం తిన్నాడమ్మా?" అని డాక్టరు అడిగినప్పుడు, మీరు చెప్పే మొక్క పేరే బిడ్డకి సగం వైద్యం.